చేత్తో కొట్టిన లింకు

మార్టూరు సెంటర్లో సిద్దికా జిరాక్స్ షాపు ఎక్కడా అంటే ఎవరైనా చూపిస్తారు. ఆ షాపులో సగం నాదేనన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. గది మధ్యలో ఒక చెక్క అడ్డం. అటు ఆమె కంప్యూటరు, ఇటు నా కుట్టుమిషను. పద్నాలుగేళ్లుగా పక్కపక్కనే కూర్చుంటున్నాం. నా పేరు రెబ్కా. నాకు నోరెక్కువ, ఆమెకు లేదు. అందుకే ఆమె సంగతి నేను చెప్పాల్సి వస్తోంది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందివి కీప్యాడ్ ఫోన్లే. అద్దంకిలో ఒక ల్యాబు ఉంది, పేరెందుకులెండి. వాళ్లు రిపోర్టు కాగితం చేతికివ్వడం మానేసి, ఫోనుకు మెసేజి పంపడం మొదలుపెట్టారు. అందులో ఒక లింకు. పెద్ద ఫోనున్నవాళ్లు దానిమీద వేలు పెడితే రిపోర్టు తెరుచుకుంటుంది. చిన్న ఫోనులో అది వట్టి అక్షరాల వరస. సిద్దికా ఆ ఫోను కీబోర్డు పక్కన పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, లింకంతా చేత్తో కొట్టేది. చివర్లో ఎనిమిది అంకెలు. రిపోర్టు రాగానే ప్రింటు తీసి, రాత లోపలికి పోయేలా మడిచి, పిన్ను కొట్టి ఇచ్చేది. ఎవరి కాగితానికైనా ఆమె పద్ధతి అదే, కరెంటు బిల్లుకైనా అదే. ఎవరికేం జబ్బని నేను ఎన్నిసార్లు కదిపినా, "జాకెట్టు కుట్టుకో అక్కా" అనేది.

ఒక మంగళవారం పొద్దున మిరప రైతు చెంచురామయ్య గారు షుగరు రిపోర్టు కోసం వచ్చారు. చేలో కోత కూలీలు ఎదురుచూస్తున్నారని ఒకటే తొందర. ఆ హడావిడిలో సిద్దికా చివరి అంకె ఆరు కొట్టబోయి, దాని కిందున్న మూడు నొక్కింది. రిపోర్టు వచ్చింది, చెంచురామయ్య గారిది కాదు. షేక్ అక్బర్, నలభై ఏడేళ్లు, మార్టూరు. ఛాతీ ఎక్స్‌రే.

అక్బర్ ఆమె భర్త. ఇరవై రెండేళ్లుగా గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్లకు పాలిష్ పడుతున్నాడు. ఆర్నెల్లుగా దగ్గు. అడిగితే మంచుకు అనేవాడు. ఎక్స్‌రే తీయించుకున్నట్టు ఇంట్లో చీమకు కూడా తెలియదు.

ఆమె వెంటనే మూసేసింది. కానీ రోజూ రిపోర్టులు చూసే కళ్లు కదా, చదవాల్సింది చదివేశాయి. రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు, రాతి దుమ్ము వల్ల కావచ్చు, వెంటనే పెద్ద డాక్టరుకు చూపించాలి. చెంచురామయ్య గారి కాగితం తీసి, మడిచి, పిన్ను కొట్టింది. పిన్ను వేలికి దిగింది. ఆయన వెళ్లాక కూడా ఆ రక్తం తుడుచుకోలేదు. నేను మిషను ఆపాను.

"ఏమైందే?"

ఒకరి కాగితం గురించి ఆమె నాతో నోరు విప్పింది ఆ ఒక్కసారే.

"ఇంకేం, సాయంత్రం నిలదీయి. ఎందుకు దాచాడో అడుగు" అన్నాను.

"ఆయనైనా చూసుకున్నాడో లేదో అక్కా. ఆయనదీ చిన్న ఫోనే. లింకు కొట్టేది నేను. నాకిస్తే నాకు తెలిసిపోతుందని మెసేజి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు."

"అయితే నువ్వే చెప్పెయ్యి."

"ఆయన చూపించలేదు, నేను చూశాను. రెండూ ఒకటి కాదు కదా. ఆదివారం దాకా ఆగుతా. అప్పటికీ చెప్పకపోతే నేనే చెప్తా. ప్రాణం మీదికొచ్చాక ఇంక మొహమాటమేముంది."

నాకు ఒళ్లు మండింది. ఆదివారం దాకా ఆ మనిషి దుమ్ములోకి పోవాలా? అని గట్టిగానే అరిచాను. ఆమెకు మాత్రం తెలియదా? రోజూ పొద్దున అతను క్యారేజీ పట్టుకుని బయల్దేరితే, షాపు మెట్ల మీద నిలబడి కనుమరుగయ్యేదాకా చూసేది. ఆ చూపు చూడలేక నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించేదాన్ని.

దీనికి తోడు ఇంకో దిగులు. ఒక్క అంకె తేడాకే భర్త కాగితం తనకొచ్చిందంటే, ఫ్యాక్టరీ మేస్త్రీ కొడితే మేస్త్రీకీ వస్తుంది. దగ్గేవాణ్ని అక్కడ రేపు రావద్దంటారు. నాకు అర్థమైంది ఇంతే. కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు, అదే టిక్కీలు, దాచుకుంటే, చీటీ చూపించినవాడికే టిక్కీ బయటికి తెచ్చిస్తారు. ఈ ల్యాబు వాళ్ల దగ్గర చీటీ అడిగే నాథుడే లేడు. నంబరు చెప్తే చాలు, ఎవరి టిక్కీ అయినా తెచ్చి ముందు పడేస్తున్నారు.

అబద్ధమెందుకు, నాకు మనసు లాగింది. "మా ఆడబిడ్డది ఏ నంబరో కొట్టి చూడవే" అన్నాను. సిద్దికా నావైపు ఒక చూపు చూసింది. తల దించుకుని జాకెట్టు కుట్టుకున్నాను.

బుధవారం ల్యాబుకు ఫోను చేసింది. కౌంటర్లో స్తుతి అనే అమ్మాయి, "అలా ఏం రాదండీ, మాది అంతా సేఫ్ అండీ" అని పెట్టేసింది. నిరూపించాలంటే ఇంకొకరి రిపోర్టు తెరిచి చూపించాలి. అది ఆమె చచ్చినా చెయ్యదు. ఏం చేసిందో తెలుసా? గురువారం బస్సెక్కి అద్దంకి వెళ్లి, షుగరు పరీక్షకు తన రక్తమే ఇచ్చొచ్చింది. శుక్రవారం ఆమె ఫోనుకు లింకు రాగానే ఇద్దరం వెళ్లాం.

"మీ సొంత ఫోన్లో ఈ లింకు కొట్టండమ్మా" అంది స్తుతితో.

ఆ అమ్మాయి కొట్టింది. "వచ్చిందండి. షేక్ సిద్దికా, షుగరు."

"అది నా కాగితం. మీ ఫోనుకు నేను పంపలేదు. మీరెవరని మిమ్మల్ని అది అడగలేదు. ఇప్పుడు చివరి అంకె మారిస్తే ఇంకొకరిది వస్తుంది. నేను మార్చను, మీరూ మార్చొద్దు. ఇది తయారుచేసిన వాళ్లకు చెప్పండి."

"మా అమ్మ రిపోర్టులు కూడా ఇందులోనే ఉన్నాయండీ" అంది స్తుతి మెల్లగా. తర్వాత ఎవరికో ఫోను చేసింది. నేను కూడా సిగ్గుపడేంత గట్టిగా మాట్లాడింది, బంగారు తల్లి. సాయంత్రానికల్లా పాత లింకులన్నీ ఆగిపోయాయి. శనివారం అందరికీ కొత్తవి వచ్చాయి. ఇప్పుడు తెరవబోతే, ఎవరి రిపోర్టో వాళ్ల ఫోనుకు నాలుగంకెలు వస్తాయి. అవి చెప్తేనే తెరుచుకుంటుంది.

"ఉన్న ఒక్క తలుపూ నువ్వే మూయించావు. ఇప్పుడు ఆయన చెప్పకపోతే ఏం చూపించి మాట్లాడతావు?" అని తిట్టాను.

ఆదివారం మధ్యాహ్నం, పని మీద ఎన్నడూ షాపు మెట్లెక్కని అక్బర్ వచ్చాడు. ముందున్న ఇద్దరి పని అయ్యేదాకా నిలబడ్డాడు. తర్వాత ఫోను తీసి కీబోర్డు పక్కన పెట్టాడు.

"ఇదొకటి తీసిపెట్టు."

"ఎవరిది?" అంది తల ఎత్తకుండా.

"నాదే."

ఆమె లింకు కొట్టింది. అంత నెమ్మదిగా కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. అతని ఫోను మోగింది. అక్బర్ దాన్ని చేతిలోకి తీసుకుని, వచ్చిన అంకెలు చూశాడు.

"తొమ్మిది. సున్నా. నాలుగు. నాలుగు."

రిపోర్టు తెరుచుకుంది. సిద్దికా ప్రింటు తీసి చదివి చెప్పింది, ఒక్క ముక్క తగ్గించకుండా. అంతా అయ్యాక, "మంగళవారం ఇది పొరపాటున నా కంట పడింది. నేను వెతకలేదు" అంది.

"తెలుసు."

"ఎలా?"

"మంగళవారం నుంచి నా పని బట్టలు విడిగా ఉతుకుతున్నావు. పడుకున్నాక నా గుండె మీద చెయ్యేసి చూస్తున్నావు. ఇవాళ అడుగుతావు, రేపు అడుగుతావు అని చూశాను. అడగలేదు. నువ్వు మోస్తుంటే చూడలేక తెచ్చాను."

"ఇక పనికి పోవద్దండి."

"పోను. రేపు గుంటూరు పోదాం, డాక్టరు దగ్గరికి. నువ్వు కూడా రా."

ఆమె తల ఊపింది. అలవాటు చొప్పున రాత లోపలికి పోయేలా మడిచి, పిన్ను కొట్టి, కాగితం అతనికిచ్చింది. అతను ఆ పిన్ను పీకేశాడు. మడత విప్పి, కాగితాన్ని ఆమెవైపు తిప్పి బల్లమీద పెట్టాడు.

నేను చెక్కకు ఇటువైపు తిరిగి, గుడ్డ లేని మిషను తొక్కుతూ ఏడ్చాను.