బోర్డుకెక్కని పేజీ

పోయిన నెలలో మా పక్కింటివారి కోడలు నన్ను బలవంతంగా క్యాంపస్‌లో ఒక సమావేశానికి తీసుకువెళ్లింది. తార్నాకలో వాళ్ల ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి, ఆ అమ్మాయి క్యాంపస్ ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. రిటైరై ఇన్నేళ్లయినవాణ్ని, నాకక్కడేం పనమ్మా అంటే, "మీరు రాకుంటే ఎట్ల అంకుల్, ఈ ఐడియాకు ఫౌండరే మీరు" అన్నది. దుకాణాల మధ్య పెరిగినవాణ్ని, పొగడ్త వెనక ఏదో సరుకు అంటగడతారని నాకు తెలియనిది కాదు, అయినా మధ్యాహ్నం భోజనం కూడా ఉంటుందని ఆమె ఆఖర్న ఒక మాట కలిపేసరికి, బేరంలో ఎప్పుడూ ఓడనని చెప్పుకునే నేను చెప్పులు తొడుక్కున్నాను.

అక్కడ చల్లటి గదిలో పెద్ద తెర మీద ఆ అమ్మాయి 'కంటెంట్ క్యూరేషన్' అని రాసి చూపించింది. ఆఫీసులో అనుభవం ఉన్నవాళ్లకు తెలిసిన సంగతులు కుప్పలుగా పడి ఉంటాయట, అందులోంచి పనికొచ్చేవి ఏరి, ఎందుకు పనికొస్తాయో రెండు మాటలు రాసి, మిగతావాళ్ల చేతికి అందేలా పెట్టడమట. ఇంత పెద్ద పేరు పెట్టారు గాని, అంబర్‌పేటలో మా నాయన దుకాణంలో దీన్ని ఏరడం అనేవాళ్లం, పొద్దున్నే చాటలో వేసుకుని అందరం చేసేదే, అని నాలో నేను నవ్వుకుంటున్నాను. అంతలో తెర మీద ఒక పాత ఫోటో పడింది. మెయింటెనెన్స్ సెక్షన్ వరండా, ఆకుపచ్చ బట్ట పరిచిన నోటీసు బోర్డు, దాని పక్కన నల్లటి జుట్టుతో నేను. అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. లేచి దండం పెట్టాను. నా సరుకు కాని సరుకుకు ధర అందుకున్నట్టు అనిపించింది.

ఆ ఫోటోలో లేనివాడు ఒకడున్నాడు. క్యాంపస్ నీళ్ల లైన్లు చూసే పెద్ద మేస్త్రి. అందరూ కాకా అనేవాళ్లు, నేనూ అంతే. ఆ రోజుల్లో క్యాంపస్ నేల కింద ఏ పైపు ఎటు పోతుందో చెప్పే నక్షా ఆఫీసులో లేదు, ఉన్నదల్లా కాకా తలలోనే. భుజాన చాబీ వేసుకుని నడిచేవాడు. చాబీ అంటే తాళంచెవి కాదు, వాల్వు తిప్పే మనిషంత ఇనప కడ్డీ. ఎక్కడో ఒక చోట ఆగి, మడమతో నేలను తట్టి, గీడ తవ్వుండ్రి అంటే అక్కడే పైపు ఉండేది. ఆయనకు చదువు రాదు. నేను ఆ సెక్షన్‌లో గుమాస్తాను. నన్ను సేటూ అని పిలిచేవాడు, దుకాణం పిల్లగాడివి దస్తరంల ఏం జేస్తున్నవు, నీకు తక్కెడే బాగుంటదని ఎకసెక్కమాడేవాడు.

ఆయన ఎప్పుడో ఒకప్పుడు రిటైరైపోతే మా గతేమిటన్న భయంతోనే నాకు ఆ బోర్డు ఆలోచన వచ్చింది. ప్రతి సోమవారం పొద్దున చాయ్ వేళ కాకా బోర్లించిన బకెట్ మీద కూర్చుని చెబుతూ ఉంటే, నేను పొడుగాటి నోటుబుక్కులో ఆయన మాటల్లోనే రాసుకునేవాణ్ని, అందులోంచి ఒక్క సంగతి ఏరి, శుభ్రంగా తిరగరాసి, బోర్డుకు గుచ్చేవాణ్ని. కాకా వచ్చి ఆ కాగితాన్ని వేలితో ఒకసారి తడిమి చూసుకుని పోయేవాడు. లైన్ పనివాళ్లు చదివేవాళ్లు, చదవడం రానివాళ్లకు పక్కవాడు చదివి వినిపించేవాడు. కరెంటు మేస్త్రి, తోటమాలి కూడా మావి రాయవా అని వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. మా పెద్దసారు వేరే విభాగాల వాళ్లను పిలిచి చూపించి, మావాడి తెలివి అని నా భుజం తట్టేవారు. ఆ చెయ్యి బరువు నాకు చాలా రుచించింది, దాచుకోవడమెందుకు.

ఏరడం నేను నేర్చింది మా నాయన దగ్గర. ఎండుమిరప బస్తా విప్పగానే ఎర్రటి కాయలన్నీ పైకి తెచ్చి, రంగు వెలిసిన తాలు కాయల్ని అడుక్కి తోసేవాడు. బస్తా మూతే మన మొహంరా, మొహం మీద తాలు పెట్టుకుంటామా అనేవాడు. ఆ పాఠం నా ఎముకల్లో ఉంది. కాకా చెప్పినవాటిలో కూడా ఆయన గెలిచినవీ, విన్నవాళ్లు వహ్వా అనేవీ పైకి తెచ్చాను. తప్పు చేసినవీ, చెడగొట్టినవీ నోటుబుక్కు అడుగునే ఉంచాను.

ఒక సోమవారం కాకా ఆడపిల్లల హాస్టల్ మలుపులో ఉన్న పాత వాల్వు సంగతి చెప్పాడు. అన్ని వాల్వులూ కుడికి తిప్పితే మూసుకుంటాయి, అదొక్కటే ఎడమకు తిప్పితే మూసుకుంటుంది. కొత్తలో అది తెలియక కుడికి బలంగా తిప్పి తిప్పి లోపలి కడ్డీ విరగ్గొట్టాడట. హాస్టల్‌కు నీళ్లు లేకుండా పోతే, పాత సామాను సార్ అని బొంకి తప్పించుకున్నాడట. స్టోరులో అదే రకం ఉన్నదని మళ్లీ అలాంటిదే బిగించారట.

"గిది పెట్టు సేటూ, ముందుగాల గిదే పెట్టు" అన్నాడు. "మంచిగ జేసింది సూసి ఎవ్వడేం నేర్సుకుంటడు?"

"నీ ఇజ్జత్ పోతది కాకా. క్యాంపస్ మొత్తం చదువుతరు."

"ఇజ్జత్ పోతే నాది పోతది. నీదేం పోతదిర బై?"

నాది పోతుందనే నా భయం. నా బోర్డు మీద మా పెద్దసారు ఒక బొంకు చదవడం నాకిష్టం లేదు. ఆ వారం ఆ కాగితానికి బదులు, వాల్వును కుడికి తిప్పితే బంద్, ఎడమకు తిప్పితే ఓపెన్ అని అందమైన అక్షరాలతో రాసి గుచ్చాను. కాకా వచ్చి ఎప్పటిలాగే వేలితో తడిమాడు. "పెట్టినవా సేటూ?" అని అడిగాడు. పెట్టిన కాకా, అన్నాను. ఒక్క మాట. దుకాణంలో రోజుకు వంద ఆడేవాళ్లం అలాంటివి.

ఆ ఎండాకాలమే కాకా భార్య కంటి ఆపరేషన్ కోసమని సెలవు పెట్టాడు. ఆయన లేని మధ్యాహ్నం అదే మలుపు దగ్గర పైపు పగిలింది. వేరే సెక్షన్ నుంచి బదిలీ మీద వచ్చిన లైన్‌మన్, జాగ్రత్త గల మనిషే, ముందు బోర్డు చూసుకుని మరీ వెళ్లి చాబీని కుడికి తిప్పాడు. మూసుకోవలసింది ఇంకా తెరుచుకుంది. బిగుసుకుందేమోనని ఇద్దరు కలిసి తిప్పితే వాల్వు లోపలి కడ్డీ విరిగింది. నీళ్లు పోయి పక్క భవనం నేలమాళిగలో పడ్డాయి. అక్కడ ఎవరెవరి ఏళ్ల తరబడి శ్రమో, పాత సిద్ధాంత గ్రంథాలు బీరువాల్లో ఉన్నాయి. మర్నాడు పరిశోధన విద్యార్థులు ఉబ్బిన కాగితాలను మెట్ల మీద ఎండకు ఒక్కొక్కటే పరుస్తుంటే, ఆ పక్కనుంచి నడిచి ఆఫీసుకు వెళ్లాను.

విచారణలో కాకాను అడిగారు, ఇంత ముఖ్యమైన సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదని. ఆయన నిబ్బరంగా, "చెప్పిన సార్. బోర్డు మీద ఉన్నది. సేటు పెట్టిండు" అన్నాడు. అందరం లేచి వరండాలోకి వచ్చాము. పెద్దసారు బోర్డు మొత్తం చదివి, ఎక్కడ ఉందయ్యా అన్నారు. కాకా కాగితాల వంక కాదు, నా వంక చూశాడు. నోటుబుక్కు నా బల్ల సొరుగులో ఉంది, సొరుగు తాళంచెవి నా జేబులో ఉంది.

కాకా చెప్పినట్టు నాకు గుర్తు లేదు సార్, అన్నాను.

కాకా వాదించలేదు. వాదిస్తే బాగుండేది, నేనూ ఎదురు వాదించి వేడెక్కేవాణ్ని. రుమాలు తీసి మొహం తుడుచుకుని, "సదువు లేకపోతే గింతే సార్" అన్నాడు. ఆయన్ని లైన్ల మీద నుంచి తీసేసి క్యాంపస్ చివర పంపుహౌసులో వేశారు. చాబీ ఇంకొకరి భుజం మీదికి పోయింది. చాయ్ వేళకు ఆయన రాలేదు. కరెంటు మేస్త్రి, తోటమాలి కూడా చెప్పడం మానేశారు, ఎందుకు మానేశారో నన్నెవరూ అడగలేదు, నేనూ వాళ్లను అడగలేదు. బోర్డు మీద సెలవుల సర్క్యులర్లు అతికించారు. నేను సూపరింటెండెంట్‌నయ్యాను. చాలా ఏళ్లకు తార్నాక చౌరస్తాలో కూరగాయల బండి దగ్గర నేను బేరమాడుతుంటే వెనక నుంచి, "ఇంకింత తగ్గియ్యిర బై, మా సేటు ఇడువడు" అని వినిపించింది. కాకానే. బాగున్నవా సేటూ అన్నాడు, నిజంగానే అడిగాడు. బాగున్న కాకా అన్నాను. చెప్పవలసినది రేపు ఆయన ఇంటికి పోయి చెబుదామనుకుని వాయిదా వేశాను. కాకా పోయాడన్న కబురు, రామంతాపూర్‌లో దశదినకర్మ కూడా అయిపోయాక, నాకు తెలిసింది.

సమావేశం అయ్యాక ఆ పాత నోటుబుక్కు కావాలని పక్కింటి కోడలు అడిగింది, స్కాన్ చేసి అందరి ఫోన్లలో పెడతారట. ఇంటికి వచ్చి అందులో హాస్టల్ వాల్వు సంగతి రాసిన పేజీ తీశాను. ఒక్క పేజీ, చింపితే చప్పుడు కూడా రాదు. చింపలేదు. దాని అడుగున కొత్త పెన్నుతో, ఇది కాకా చెప్పాడు, నేను బోర్డు మీద పెట్టలేదు, పెట్టానని ఆయనతో బొంకాను, విచారణలో అబద్ధం ఆడాను, అని రాసి సంతకం చేసి ఇచ్చాను.

రెండు వారాల తర్వాత నా ఫోన్‌కు కూడా వచ్చింది. ముచ్చటైన అక్షరాలు, నా ఫోటో, ఏరిన పేజీలు. ఆ పేజీ లేదు. గోడ మీద నుంచి పిలిచి అడిగాను.

"చూసిన అంకుల్. ఆ వాల్వు ఎప్పుడో తీసేసిన్రు కదా, ఇప్పుడెవరికి పనికొస్తది?" అన్నది తడి బట్టలు ఆరేస్తూ. "కింద మీరు రాసింది పర్సనల్ ఉన్నది. ఇంత మంచి పేరున్నది, మీ ఇజ్జత్ మీరే ఎందుకు తీసుకుంటరు?"

బుద్ధిమంతురాలు. నా మేలు కోరే అన్నది, నేను కాకాతో అన్నట్టే. జీవితమంతా ఒక్క రూపాయి కూడా వదలకుండా బేరమాడినవాణ్ని, అక్కడ మాత్రం బేరమే ఆడలేదు. సరేనమ్మా అని లోపలికి వచ్చాను. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది మాత్రం హమ్మయ్య అన్న ఊరట. అందుకే ఇదంతా రాసి, వయసులో నాకు దగ్గరివాళ్లయిన మీ ముందు ఆ పేజీ పెట్టాను, మీరైనా చదువుతారని.

మన కాలంలో ఒక్క వరండాలో ఒక్క బోర్డు ఉండేది, ఇప్పుడు ప్రతివాడి అరచేతిలో ఒకటి ఉంది. బస్తా మూతి మాత్రం అప్పటికంటే ఎర్రగా ఉంది. కాకాకు చదువు రాదు గనుక నా దగ్గరికి వచ్చి, పెట్టినవా సేటూ అని అడిగాడు. ఇప్పుడు అందరికీ చదువు వచ్చు. పెట్టినవా అని అడిగేవాడు మాత్రం ఎవడూ లేడు.