అమ్మ బొటనవేలి గోరు

పెచ్చు లేచిన అద్దానికి సిలికాన్ జిగురు పూసి, పైన నల్ల టేపు అంటించి, పిల్లలు కూర్చునే చోట పెట్టించారు సార్ మీరు. ఆరడుగుల చేపల తొట్టి... పంజాగుట్టలో పిల్లల డాక్టరు క్లినిక్... తొట్టికి ఆనుకునే బెంచీ.

మంగళవారం తొట్టి కడగడానికి వెళ్లి చూశాను. అక్కడి నుంచే అమీర్‌పేటలో మన షాపులో ఉన్న మీకు ఫోన్ చేస్తే ఏమన్నారు? "ఏంటమ్మా, చిన్న గీతకి ఇంత గొడవా?"

గీతకీ పెచ్చుకీ తేడా నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. నేను కాలేజీకే పోలేదు. ఎలా తెలుసో ఈ పోస్టులో అందరి ముందూ చెబుతాను, వినండి.

మా చిన్నప్పుడు... బోరబండలో మాది ఒకటే గది. అందులో సగం మేము, సగం అద్దాలు. మా అమ్మ అద్దాలు అతికి చేపల తొట్లు చేసి షాపులకు ఇచ్చేది. కుడి బొటనవేలి గోరు మాత్రం ఎప్పుడూ కత్తిరించేది కాదు. గిన్నెలు తోమినా, బట్టలు ఉతికినా దాన్ని కాపాడుకునేది.

"ఏందక్కా, గా ఒక్క గోరు ఏమన్న రాణిగారిదా?" అని పక్కింటి వాళ్లు ఏడిపించేవాళ్లు.

"గది నా ఇంజనీరే!" అనేది అమ్మ.

అద్దం రాగానే కళ్లు మూసుకుని దాని మీద గోరు నడిపించేది. గోరు ఆగకుండా జారిపోతే గీత పైపైనే ఉన్నట్టు. ఎక్కడైనా తట్టుకుని ఆగితే లోతుగా ఉన్నట్టు... ఆ అద్దాన్ని పెద్ద తొట్టికి వాడేది కాదు. అంచుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

"నడిమిట్ల సన్న గీత మొఖం మీద మచ్చ లెక్క బిడ్డా, సూపుకే చెడ్డ. అంచుకు పెచ్చు లేస్తే గట్ల కాదు. నీళ్ల జోరంతా గాడ వడ్తది. గండ్ల అడుగు అంచైతే ఇగ సూడనే వద్దు, పక్కకు వెట్టుడే."

తొట్టి అతికాక వాకిట్లో పాత పేపర్లు పరిచి, దాని మీద పెట్టి, నిండా నీళ్లు పోసి నాలుగు రోజులు ఉంచేది. పేపరు పొడిగా ఉంటేనే తొట్టి గడప దాటేది.

నాకు ఎనిమిదేళ్లు. ఒక పెద్ద తొట్టి పని నడుస్తోంది. అది అయిపోగానే నుమాయిష్‌కు, అదే ఎగ్జిబిషన్‌కు, తీసుకెళ్తానంది అమ్మ. నేను స్టీలు బిందె ఎత్తుకుని వస్తుంటే గోడకు ఆనించిన అద్దానికి తగిలింది... టిక్. అంతే చప్పుడు. చూస్తే కింది అంచున, మూలకు దగ్గరగా, శనగబద్దంత పెచ్చు.

అమ్మకు తెలిస్తే అద్దం మారుస్తుంది. కొత్త అద్దం రావాలి. నుమాయిష్ ఎగిరిపోతుంది... అమ్మ బయటికి వెళ్లినప్పుడు ఆ గుంటలో సిలికాన్ నింపి, తడి వేలితో నున్నగా అద్దాను. మర్నాటికి గట్టిపడింది.

అతికే ముందు మరోసారి తడుముతుంటే అమ్మ గోరు అక్కడికి వచ్చి ఒక్క క్షణం ఆగింది. మెత్తగా తగిలింది కదా, ఎక్కడిదో సిలికాన్ మరక అనుకుంది. గోరు ముందుకు వెళ్లిపోయింది.

నీళ్లు నింపిన మూడో రోజు మధ్యాహ్నం. అమ్మ ఆ తొట్టి పక్కనే కూర్చుని బెండకాయలు తరుగుతోంది. తొట్టి ముందువైపు అద్దం ఒక్కసారిగా పగిలి విడిపోయింది... నీళ్లన్నీ ఆమె మీదికే వచ్చాయి. అద్దం పాదంలో దిగింది. వాకిలంతా ఎర్ర నీళ్లు, వాటిలో తేలుతూ బెండకాయ ముక్కలు.

కట్టు కట్టించుకుని వచ్చాక అమ్మ పగిలిన ముక్కలు వరసగా పేర్చింది. బీట ఎక్కడ మొదలైందో వేలితో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లింది. ఆ శనగబద్ద దగ్గర ఆగింది. గోటితో గీకితే సిలికాన్ ముద్దగా ఊడి వచ్చింది.

కొట్టలేదు. తిట్టలేదు. "నాకు జెప్తే కొడ్తుంటి. గంతే గద బిడ్డా..." అంది. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు నాకు.

ఆ పాదంలో రెండు వేళ్లు ఈ రోజుకీ వంగవు.

క్లినిక్‌లో మీ తొట్టికి టేపు లాగి చూశాను సార్. అదే చోటు... కింది అంచు, మూల. అదే మెత్తదనం. పెచ్చు దగ్గర నుంచి వెంట్రుకంత బీట పైకి బయలుదేరింది కూడా. రిసెప్షన్‌లో చెబితే మీకే ఫోన్ చేసి, "షాపువాళ్లు ఏం కాదంటున్నారు" అన్నారు. "నెల నుంచి నిలబడే ఉంది కదా" అని నాతోనూ అన్నారు మీరు. మా అమ్మ తొట్టి కూడా మూడో రోజు దాకా నిలబడే ఉంది.

నేను ఎనిమిదేళ్లప్పుడు చేసిన పని, తల నెరిశాక మీరు చేశారు. నాకు నుమాయిష్ పిచ్చి. మీకేం పిచ్చి?

ఇప్పుడు అమ్మ తొట్లు అతకడం లేదు. ఆ గోరు కత్తిరించేసుకుంది. అలాంటిదే నా బొటనవేలికి పెంచుకున్నాను. షాపులో అందరూ నవ్వుతారు... ఫోన్ లైటు వేసి చూస్తే సరిపోతుందంటారు. అప్పట్లో మా వాకిట్లో పాత పేపరు కూడా నిజం చెప్పేది. ఇప్పుడు నల్ల టేపు అందంగా ఉంటే చాలు.

మీ ఇళ్లలోనూ ఇలా చేత్తో తడిమి మంచీచెడ్డా చెప్పేవాళ్లు ఉండే ఉంటారు... వాళ్ల గురించి కింద రాయండి. చదువుతాను.

సార్, మీరు మాత్రం ఒక్క మాటే రాయాలి. రేపు క్లినిక్‌కు సెలవు, అందుకే ఆగుతున్నాను. రేపు సాయంత్రం ఆరులోపు, ఇక్కడే, అందరూ చూసేలా: "తొట్టి ఖాళీ చేయించాను." పనిలోంచి తీసేస్తే తీసేయండి. ఆరు దాటితే ఎల్లుండి పొద్దున క్లినిక్ తెరిచే వేళకు ఆ బెంచీ ముందు నిలబడతాను. ఒక్క పిల్లను కూడా దాని మీద కూర్చోనివ్వను.