తెలుగు తిండి, కన్నడ తిండి

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉండేది. ఇప్పుడు కొంచెం కిందికి దిగి నాలుక మీద ఉంటోంది, అంతే తేడా. ఆ రోజులంటే మరీ పాతవేం కావు, సెల్లులో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకునే కాలమే. డిగ్రీ ముగించి, పెళ్ళి మాటెత్తినప్పుడల్లా మా అమ్మతో వాదన పెట్టుకుని, చివరికి "నా కాళ్ళ మీద నేను నిలబడతాను" అని ప్రతిజ్ఞ చేసి, కర్ణాటకలోని మా చింతామణి బస్టాండు దగ్గర ఒక చిన్న బేకరీలో కౌంటరు పనికి చేరాను. నా ప్రతిజ్ఞను దేవుడు మరీ అక్షరాలా పట్టించుకున్నాడు. ఆ బేకరీలో పనివాళ్ళకు కుర్చీ లేదు, స్టూలు లేదు, గోడకు ఆనుకునే అనుమతి కూడా లేదు. పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి సాయంత్రం దాకా నా కాళ్ళ మీద నేనే నిలబడి ఉండేదాన్ని.

మా యజమానికి మేం పెట్టుకున్న పేరు మెత్తబన్ను. మనిషి గొంతెత్తి ఎరగడు. "అమ్మణ్ణీ, నువ్వు మా ఇంటి పిల్ల మాదిరి" అంటూనే మన చేతిలోని టీ గ్లాసు తీసి అవతల పెట్టగలడు. (ఇంటి పిల్ల మాదిరి అన్నవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలని అక్కడే నేర్చుకున్నాను. ఇంటి పిల్లకు సెలవు ఉండదు కదా.) అంగట్లో ఆయన ఉన్నా లేకపోయినా ఒకటే. కౌంటరు పైన ఒక కెమెరా బిగించాడు, దానికి చిన్న స్పీకరు కూడా ఉండేది. మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వెళ్ళినా, సెల్లును నీళ్ళ చెంబుకు ఆనించి, సంగటి మింగుతూ మమ్మల్ని చూసేవాడు. ఈ సంగతి ఆయనే గర్వంగా చెప్పుకున్నాడు. మేం కాస్త నడుం వంచితే చాలు, పైనుంచి అశరీరవాణి మెత్తగా పలికేది. మొదటిసారి విన్నప్పుడు నేను చేతులెత్తి దండం పెట్టబోయాను.

ఇక అసలు గొడవ తిండిది. పనిలో చేర్చుకునేటప్పుడు ఆయన తెలుగులో, అదీ మా అమ్మ ఎదురుగా, "తిండి మాదేనమ్మా, దానికి మీరు దిగులు పడొద్దండి" అన్నాడు. మా అమ్మ కరిగిపోయింది. తీరా చేరాక మధ్యాహ్నం నా చేతిలో నిన్నటి క్రీమ్ బన్ను ఒకటి పెట్టారు. అన్నం ఎప్పుడొస్తుందా అని సాయంత్రం దాకా వాకిలి వైపు చూశాను. మర్నాడు అడిగితే మెత్తబన్ను నవ్వి, "కన్నడంలో తిండి అంటే ఏమమ్మా? ఇడ్లీ, బన్ను, ఇట్లాంటిదే గదా. అన్నము, సంగటి అయితే ఊట అనల్ల. నేను ఊట అంటినా?" అన్నాడు. మా ఊళ్ళల్లో అందరికీ రెండు భాషలూ వస్తాయి, నిజమే. కానీ పిలిచేటప్పుడు తెలుగు, పెట్టేటప్పుడు కన్నడం వాడే విద్య ఆయన ఒక్కడికే వచ్చు. పోనీ ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుందామంటే, సారు (మా వైపు చారుకు అదే పేరు) వాసన కేకులకు పడుతుందని దాన్నీ నిషేధించాడు.

నా ఒక్కదాని ఆకలైతే తిట్టుకుంటూ భరించేదాన్నేమో. నా పక్కన ప్యాకింగ్ పని చేసే అక్క పరగోడు నుంచి బస్సులో వచ్చేది. అందుకని ఆమె మా అందరికీ పరగోడక్క. ఆమెకు షుగరు. వేళకు ఇంత ముద్ద పడాలని డాక్టరు గట్టిగా చెప్పాడట. వేళకు పడేది మాత్రం చక్కెర నింపిన బన్ను. తింటే ఒక బాధ, తినకపోతే ఇంకో బాధ. ఒక మధ్యాహ్నం ఆమె తినకుండా పనిచేసి, కళ్ళు తిరిగి, ట్రే మీదికి ఒరిగిపోయింది. నేనూ, లోపల పొయ్యి చూసుకునే ఓవన్ మామా పరుగున వెళ్ళి పట్టుకున్నాం. అప్పుడు పైనుంచి వచ్చిన మాట, "ట్రే చూడండమ్మా, ట్రే" అని. ఆ మాటతో నా కోపం ముక్కు మీది నుంచి నెత్తికెక్కింది.

మా అవ్వ బతికున్నప్పుడు ఒక మాట అనేది, ఆకు ముందర కూర్చున్నవాడు శత్రువైనా సరే, పస్తుగా లేపకూడదని. లేపిన ఇంట్లో అన్నం పుట్టదట. మెత్తబన్ను ఇంట్లో ఆయనకు దగ్గరుండి వడ్డించేది వాళ్ళమ్మ. ఆమెకు ఆ ఆచారం తెలియకుండా ఎలా ఉంటుంది? మర్నాడు పొద్దున్నే మార్కెట్లో అరిటాకులు కొని, బ్రెడ్డు ట్రేల వెనక దాచాను. నా ఆలోచన చెబితే ఓవన్ మామ హడలిపోయాడు. పిల్లల స్కూలు, ఇంటి బాడుగ, అన్నీ ఏకరువు పెట్టాడు. పరగోడక్క మాత్రం ఒక్కటే అడిగింది, "ఆకు కడిగినావా పాపా?" అని.

మధ్యాహ్నం మెత్తబన్ను స్కూటరు సందు తిరగగానే, సరిగ్గా కెమెరా కింద నేల తుడిచి, ఆకులు పరిచి, నీళ్ళు చల్లి, వరసగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. ఓవన్ మామ ఆఖరి క్షణంలో పరుగెత్తుకొచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. (భయపడేవాడు ఒకసారి తెగించాడంటే పద్ధతిగా తెగిస్తాడు. చొక్కా విప్పి భుజాన తువ్వాలు కూడా వేసుకున్నాడు.) ఇంతలో దిల్‌పసంద్ అనే కొబ్బరి రొట్టె కోసం ఒక పెద్దాయన వచ్చి, మమ్మల్నీ ఆకుల్నీ చూసి, ఏమన్నా విశేషమా అని అడిగాడు. వడ్డన కోసం కాచుకున్నామని చెప్పాను. ఆయన చెప్పులు బయట విడిచి వచ్చి, ఇంకో ఆకు ఉందా అన్నాడు.

కాసేపటికి స్పీకరు గరగరలాడింది. "అమ్మణ్ణీ, ఏం చేస్తాండారు? లెయ్యండి" అంది మెత్తటి గొంతు. నేను తలెత్తి కెమెరాను చూస్తూ, "తిండికి కూసున్నామప్పా. తెలుగు తిండికి" అన్నాను. పని వద్దనుకున్నవాళ్ళు మాత్రమే కూర్చోండి అంది గొంతు, అంతే మెత్తగా. పక్కన ఓవన్ మామ తువ్వాలు తీసి మొహం తుడుచుకుని మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ఉద్యోగం పోతే మా అమ్మ ముందు నా ప్రతిజ్ఞ ఏమవుతుందో నాకూ తెలుసు. అయినా ఎవరమూ కదలలేదు. అప్పుడు స్పీకరులో ఇంకో గొంతు వినిపించింది. ముసలి గొంతు, మెత్తదనం మచ్చుకైనా లేదు.

"ఆకు ముందర కూసున్నోళ్ళని లెయ్యమంటావేమిరా? నువ్వు యాడ పుట్టినావురా, నా కడుపునేనా? ముందు నువ్వు లెయ్యి."

ఆ తర్వాత పీట జరిగిన చప్పుడు, చెంబు దొర్లిన చప్పుడు, ఆపైన ఏమీ లేదు. కొంతసేపటికి బేకరీ ముందు ఆటో ఆగింది. తెల్లచీర కట్టిన ముసలమ్మ సంగటి గిన్నెతో ముందు దిగింది. వెనక మెత్తబన్ను, సారు గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. సగంలో లేచిన మనిషి, మూతికి ఇంకా సంగటి అంటుకునే ఉంది. ఆ అమ్మ మా ఆకుల్లో ఉప్పు వేసి, కొడుకు వైపు చూసి, "వడ్డించు" అంది. కేకుల వాసనను మింగేసి అంగడంతా సారు వాసన. పరగోడక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను చాలా పౌరుషంగా తిందామనుకున్నాను గానీ, నాకు ఏడుపొచ్చి సారు ముక్కుకెక్కింది. పెద్దాయన మాత్రం మారు అడిగి పెట్టించుకుని, దిల్‌పసంద్ మరచిపోయి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం వంతులవారీగా కూర్చుని తినడానికి లోపల ఒక బల్ల పడింది. ఇంటి డబ్బాలకు అనుమతి వచ్చింది. నేను మాత్రం ఎక్కువ రోజులు ఉండలేదు. కౌంటరుకు మాటలు తక్కువ ఉన్న పిల్ల కావాలని మెత్తబన్ను ఎంతో మెత్తగా చెప్పి పంపించాడు. వెళ్తూ వెళ్తూ ఆ బల్ల మీద ఒకసారి, పని లేకపోయినా, కాలు మీద కాలు వేసుకుని కూర్చుని మరీ వచ్చాను. ఇంట్లో మా అమ్మ తిట్టింది. తిట్టి, అన్నం పెట్టింది.

ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో నాకే చిన్న హోటలుంది. (కెమెరా ఉంది. స్పీకరు పెట్టించలేదు.) మొన్న దిబ్బూరహళ్ళి నుంచి ఒక పిల్ల పని కోసం వచ్చింది. పని వివరాలన్నీ చెప్పి, తిండి మాదేనమ్మా అన్నాను. ఆ పిల్ల నన్ను కిందికీ పైకీ చూసి, "యా తిండి మేడం? తెలుగుదా, కన్నడదా?" అంది. నా కథ ఆ పిల్లకు తెలిసే అవకాశం లేదు. బహుశా ఆమెకూ ఎక్కడో ఒక మెత్తబన్ను తగిలి ఉంటాడు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఒళ్ళు మండింది. పని ఇస్తుంటే ఎదురు ప్రశ్నా అని నోటిదాకా వచ్చింది, అదీ ఎంతో మెత్తటి గొంతుతో. ఆ గొంతు నా లోపల ఎప్పుడు చేరిందో నాకే తెలియదు. ఆ మాట బయటపడేలోగా ఆ పిల్ల, కూర్చోమని నేను చెప్పకుండానే, కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు. లోపలికి వెళ్ళి, ఆకు కడిగి తెచ్చి, ఆమె ముందు వేశాను.