దర్జీగారికి పట్టిన జ్వరం

ఆ వీధిలో ఎవరి పొట్ట ఎంత పెరిగిందో దర్జీగారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "నిరుటికీ ఇప్పటికీ రెండంగుళాలు పెరిగారు, కాస్త నడవండి బాబూ" అని ఉచిత సలహా కూడా పారేసేవారు. తన ప్యాంట్లు మాత్రం ఏటా గుట్టుచప్పుడు కాకుండా కుట్లు విప్పి వదులు చేసుకునేవారు. షుగరు పదిహేనేళ్లుగా ఉంది. బీపీ దానికి తోడొచ్చింది. టీలో పంచదార మానేశాను కదా అన్న ధీమాతో మాత్రలు వారానికి నాలుగు రోజులే వేసుకునేవారు.

ఆ ఏడాది ఫ్లూ జ్వరాలు విరుచుకుపడ్డాయి. దర్జీగారి బెంగంతా పక్క కొట్లో వాచీలు బాగుచేసే పెద్దాయన గురించే. డెబ్బై దాటిన మనిషి, ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు.

"బాబాయ్, నాలుగు రోజులు కొట్టు కట్టెయ్. ఇది ముందు నీలాంటివాళ్లనే పట్టుకుంటుంది."

"నేను టీకా వేయించుకున్నాలేరా. మరి నువ్వో?"

"నాకెందుకు? గుండ్రాయిలా ఉన్నాను."

అసలు సంగతి వేరు. రోజంతా సూది పట్టుకునే ఆయనకి ఒంట్లో సూది దిగడమంటే పై ప్రాణాలు పైనే పోతాయి.

జ్వరం ఇద్దరికీ ఒకే వారంలో వచ్చింది. పెద్దాయన మూడు రోజులు ముసుగుతన్ని పడుకుని నాలుగో రోజు కొట్టు తెరిచాడు. అదే రోజు దర్జీగారు నాలుగడుగులు వేయలేక రొప్పుతుంటే, భార్య నోరెత్తనివ్వకుండా ఆటో ఎక్కించింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మూడు నెలల సగటు షుగరు చూసే పరీక్షలో, ఏడు లోపు ఉండాల్సిన అంకె పదకొండు దాటింది.

"ఆ ముసలాయన లేచి తిరుగుతున్నాడు. నాకే ఎందుకిలా డాక్టరమ్మా?" అన్నారు మాస్కులోంచి, తనకేదో అన్యాయం జరిగినట్టు.

"వయసొక్కటే కాదండీ. అదుపు తప్పిన షుగరు, బీపీ, ఆ పొట్ట, పైగా కిడ్నీలు కూడా కాస్త దెబ్బతిన్నాయి. ఇన్ని కలిస్తే వైరస్‌కి అడ్డేముంటుంది? టీకా వేయించుకున్నారా?"

దర్జీగారు కళ్లు మూసుకుని "నిద్రొస్తోంది" అన్నారు.

"లేదండీ" అంది భార్య. "సూదంటే భయం."

ఆ తర్వాత పది రోజులూ రోజుకి నాలుగేసి ఇన్సులిన్ సూదులు. ఐదో రోజుకి అరవడం మానేశారు.

నెల తిరిగాక మళ్లీ మిషను ముందు కూర్చున్నారు. ఇప్పుడు మాత్రలు వేళ తప్పవు; డబ్బా భార్య చేతిలో ఉంది మరి. వచ్చినవాళ్లని "షుగరు చూపించుకున్నారా?" అని అడగనిదే గుడ్డ ముట్టుకోరు. సూటు కుట్టించుకోవడానికొచ్చిన పెళ్లికొడుకునీ వదల్లేదు. అతను మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

"ఉన్న బేరాలు తరిమేస్తున్నారు" అని భార్య విసుక్కుంది.

"పోనివ్వవే. వాళ్ల నాన్నకి షుగరుందట. పోతూ పోతూ, రేపే ఆయన్ని పరీక్షకి తీసుకెళ్తానన్నాడు" అన్నారు దర్జీగారు, పది సూట్లు ఒప్పుకున్నంత సంబరంగా.