ఆరో వార్డుకు బుల్లయ్యగారి సైనిక విధానం

బుల్లయ్యగారికి ప్రతి విషయం మీదా ఒక వైఖరి ఉంటుంది. అభిప్రాయాలు అందరికీ ఉంటాయి, అడిగితే చెబుతారు. వైఖరి అలా కాదు. దాన్ని ప్రకటించాలి. ప్రకటించే ముందు గొంతు సవరించుకోవాలి. వీలైతే మైకు కూడా ఉండాలి. ఎకరన్నర మిరప చేను, రెండు గేదెలు తప్ప వేరే ఆస్తి లేని ఆ మనిషి చినరావిపాలెం పంచాయతీ ఆరో వార్డుకి మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓడిపోయారంటే కారణం ఆ వైఖరులే.

ఇంట్లోనూ అంతే. "గోంగూర వండనా, దోసకాయ వండనా?" అని భార్య వెంకటరావమ్మ అడిగితే, "కూరల విషయంలో నా వైఖరి పదకొండింటికి ప్రకటిస్తాను" అనేవారు. ఆవిడ పదింటికే దోసకాయ పప్పు దించేసి, "ప్రకటించుకోండి, వింటూ వడ్డిస్తా" అనేది.

నాలుగోసారి నామినేషన్ వేసినప్పుడు ఆయన ప్రచారానికి కుదిరిన ఆటో వాసిం అనే అతనిది. నలభై ఏళ్ల వాసిం అప్పటిదాకా ఊరికీ నల్లపాడు స్టేషనుకీ మధ్య ఆటో తిప్పుకుంటూ, ఏ వైఖరీ లేకుండా హాయిగా బతుకుతున్నాడు. మొదటి రోజు కరపత్రం చేతిలో పెడితే చదివాడు. పైన గరాటా గుర్తు. దాని కింద పెద్ద అక్షరాల్లో వలసలు, సైన్యం, పౌరహక్కులు.

"కుళాయిల సంగతి ఏదండీ?"

"వెనక పేజీలో చూడు."

"వెనక ఖాళీగా ఉందండీ."

"అదే. వాటికోసమే వదిలా. జనం చెబితే రాసుకుంటా."

జనం చెబుతూనే ఉన్నారు, ఆయన రాసుకోలేదు. గుల్జార్ బేగం గుమ్మంలోనే నిలేసింది. "అన్నా, మా సందులో లైటు చచ్చి మూడు నెలలైంది. నీ సైన్యం గొడవ నాకెందుకు?"

"చెల్లెమ్మా, మంచుకొండ మీద కాపలా కాసే కుర్రాడి దగ్గర లైటుందో లేదో ఎప్పుడన్నా ఆలోచించావా?"

"అయ్యో, లేదా?"

"అన్నిచోట్లా లేదు."

"అయితే ముందు ఆ పిల్లోడికి వేయించు. తర్వాతే మాకు." ఆవిడ తలుపేసుకుంది.

బుల్లయ్యగారు ఆటోలోకి ఎక్కి, "చూశావట్రా వాసిం, సైనిక విధానం జనంలోకి వెళ్తోంది" అన్నారు. వాసిం గేరు వేశాడు.

అయితే ఈసారి ఒక విచిత్రం జరిగింది. బుల్లయ్యగారు గెలిచేలా కనిపించారు. ఆరో వార్డులో ఎవరు గెలవాలో చైతన్యకృష్ణ కుటుంబానికి ఉన్న ఇరవై ఏడు ఓట్లే తేలుస్తాయి. ముప్పై ఎకరాల మిరప వేసిన ఆ కుర్రాడు బుల్లెట్టు ఆపి, నల్లకళ్లద్దాలు తీసి మరీ చెప్పాడు. "బాబాయ్, ఈసారి మా ఇంటి ఓట్లు నీకే. మూడుసార్లు ఓడావు, చూడలేకపోతున్నాం." ఆ రోజు వెంకటరావమ్మ మెంబరుగారి భార్యగా కట్టుకోడానికి ఒక చీర తీసి ఇస్త్రీకి పంపింది.

ప్రచారం ఇంకొక్క రోజు ఉందనగా, సాయంత్రం బుల్లయ్యగారి బోరు దగ్గరికి ఒకామె బిందె తీసుకుని వచ్చింది. పేరు ఉలిగమ్మ. ఆదోని వైపు నుంచి మిరప కోతకు వచ్చిన కూలీల ముఠాలో మనిషి. చైతన్యకృష్ణ చేలోనే పని. బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె ఏదో చెబుతూనే ఉంది. బుల్లయ్యగారు వింటూనే ఉన్నారు. అది చూసి ఆటో తుడుస్తున్న వాసింకి భయం వేసింది, ఆ మనిషి అంతసేపు వినడం ఎవరూ చూసి ఎరగరు. తర్వాత ఆయన చైతన్యకృష్ణ ఇంటికి ఒక్కరే నడిచి వెళ్లి, పది నిమిషాల్లో ముఖం గంటు పెట్టుకుని వచ్చేశారు.

తెల్లారి ఎనిమిదింటికి, "చైతన్యకృష్ణ కల్లానికి పోనీ" అన్నారు.

ఓట్లు ఇస్తున్నందుకు కృతజ్ఞత చెప్పడానికేమో అనుకున్నాడు వాసిం. కల్లం నిండా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. పక్కనే చైతన్యకృష్ణ ఇల్లు. ఆటో సరిగ్గా గేటు ముందు ఆపించి, బుల్లయ్యగారు మైకు తీసుకుని గొంతు సవరించారు.

"వలసల మీద నా వైఖరి! పని కోసం వచ్చినవాడు చుట్టంతో సమానం. వెళ్తానన్న చుట్టం సంచీ దాచేసి, ఇంకో రెండ్రోజులు ఉండమంటాం. అది ప్రేమ. ఆధార్ కార్డు దాచేసి ఉండమంటే అది ప్రేమ కాదు!"

వాసిం ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. చైతన్యకృష్ణ కాఫీ గ్లాసుతో బయటికొచ్చాడు. "బాబాయ్, ఏంటిది? నిన్ననే చెప్పాగా, మూడో కోత అవగానే ముఠా మేస్త్రీ ఎవరి కార్డు వాళ్లకి ఇచ్చేస్తాడని. ఇప్పుడిస్తే రాత్రికి రాత్రి వేరే చేలోకి చెక్కేస్తారు."

"సైన్యం మీద నా వైఖరి! ఉలిగమ్మ తమ్ముడు ఈరన్న రెండేళ్ల తర్వాత పది రోజుల సెలవు మీద ఇంటికొచ్చాడు. ఆరు రోజులు అయిపోయాయి. అక్క రాదు. బస్సులో ఆడవాళ్లకి టికెట్టు లేదు, కానీ కార్డు చూపించాలి. కార్డేమో మేస్త్రీ పెట్టెలో ఉంది. సైనికుడు సరిహద్దు కాయాలా, వాకిలి కాయాలా?"

"బాబాయ్, మా ఓట్లు ఇరవై ఏడు."

"తెలుసురా అబ్బాయ్. పౌరహక్కుల మీద నా వైఖరి! మనిషి కార్డు మనిషి కొంగున ఉండాలి!"

ఆ మూడూ అయిపోగానే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. తొమ్మిదయింది. పదయింది. మిరప ఘాటుకి మధ్యమధ్య తుమ్ములు వచ్చాయి, అవి కూడా మైకులోనే. లోపల చైతన్యకృష్ణ నాయనమ్మ టీవీ సీరియల్లో ఒక్క ముక్కా వినబడక మనవణ్ణి తిట్టడం మొదలుపెట్టింది.

పదకొండింటికి చైతన్యకృష్ణ ఫోన్ చేస్తే కానిస్టేబులు వచ్చాడు. మైకు అనుమతి కాగితం అటూ ఇటూ తిప్పి, "సాయంత్రం ఐదింటి దాకా ఉందండీ. మనమేం చెయ్యలేం" అన్నాడు. సరిగ్గా అప్పుడే మైకులో, "యూనిఫాం వేసుకున్న ప్రతివాడికీ అడిగిన రోజున సెలవివ్వాలి! ఇది నా వైఖరి!" అని వినబడింది. కానిస్టేబులు వెళ్లబోతున్నవాడల్లా ఆగి, ఆటో నీడన నిలబడి ఆ అంశం మళ్లీ వచ్చేదాకా విన్నాడు.

పన్నెండున్నరకి ఇంట్లోంచి నాయనమ్మ కేక. "ఒరేయ్ చైతన్యా, ఆ కార్డులేవో వాళ్ల మొహాన కొట్టరా! లేకపోతే నేనే వెళ్లి గరాటాకి ఓటేస్తానని మైకులో చెబుతా!"

మేస్త్రీ రబ్బరు బ్యాండు చుట్టిన కార్డుల కట్ట తెచ్చాడు. షెడ్ల దగ్గర నుంచి ముఠా అంతా వచ్చింది. ఎవరి కార్డు వాళ్లు తీసుకుని, ఉలిగమ్మ తప్ప అంతా కాయ కోయడానికి మళ్లీ చేలోకే వెళ్లిపోయారు. ఎవరూ ఎక్కడికీ చెక్కేయలేదు. చైతన్యకృష్ణ కళ్లద్దాలు పెట్టుకుని లోపలికి వెళ్లాడు. ఆ ఓట్లు ఎటు పడ్డాయో లెక్కింపు నాడు ఊరందరికీ తెలిసింది. బుల్లయ్యగారికి ఆ క్షణంలోనే తెలుసు.

ఉలిగమ్మను వాసిం ఆటోలోనే గుంటూరు బస్టాండుకి తీసుకెళ్లారు. దారి పొడుగునా బుల్లయ్యగారు ఒక్క వైఖరీ ప్రకటించలేదు, గొంతు దాదాపు పోయింది. సోడా కొట్టించినా లాభం లేకపోయింది. వాసింకి మాత్రం ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నాలుగుసార్లు నిలబడి ఇన్నాళ్లకి ఒక్కసారి గెలుపు దగ్గరికి వచ్చిన మనిషి, ఆ గెలుపును ఇలా గేటు ముందు వదిలేసి వచ్చి సోడా తాగుతున్నాడు.

"నీకే ఓటేస్తును సార్" అంది ఉలిగమ్మ బస్సు కిటికీలోంచి. "నా ఓటు ఆదోని తావ ఉండాది. ఏం జేసేది?"

"పోనీలేమ్మా" అన్నారాయన పీలగా. "ముందు కార్డు లోపల పెట్టుకో."

బస్సు కదిలాక వాసిం తన ఫోన్లోంచి, ఉలిగమ్మ చెప్పిన నంబరుకి, ఆమె తమ్ముడికి కలిపి బుల్లయ్యగారికి ఇచ్చాడు. ఎవరు మాట్లాడేదని అడిగాడు ఈరన్న. తానెవరో చెప్పమంటే అరగంట చెప్పే మనిషి, మిగిలిన కాస్త గొంతుతో ఒక్కటే చెప్పారు. "మీ అక్క బస్సెక్కింది బాబూ. రాత్రికి స్టాండుకి వెళ్లి నిలబడు."

అవతల్నుంచి పక్కనున్న వాసింకి కూడా వినపడేంత గట్టిగా వచ్చింది. "జై హింద్ సార్!"

పల్లీల బండికీ చెత్తకుండీకీ మధ్య బుల్లయ్యగారు నిటారుగా అయిపోయారు. మడమలు దగ్గరికొచ్చాయి. కుడి చెయ్యి దానంతటదే లేచి నుదుటికి తగిలింది. ఫోను ఆ చేతిలోనే ఉంది. "సార్... సార్?" అంటూ ఈరన్న గొంతు ఆయన కనుబొమల దగ్గర్నుంచి వినిపిస్తోంది.

వాసిం నవ్వు ఆపుకుంటూ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"బుల్లయ్యగారూ, ఫోను చెవి దగ్గరికి దించండి. ఆ అబ్బాయి ఇంకా మాట్లాడుతున్నాడు."