కూత పెట్టె

ఫ్రిజ్ మెకానిక్‌కు అరవై దాటాయి. ఏ ఇంట హీటరు మాటెత్తినా "మంచుగడ్డలో కుంపటా?" అని నవ్వేవాళ్లే. పేరుకున్న మంచును కరిగించేది ఆ కుంపటేనని నలభై ఏళ్లుగా విసుగు లేకుండా చెబుతున్నాడు. ఈ నెల రెండిళ్లలో హీటర్లు మార్చాడు. రెండుచోట్లా మంచు మళ్లీ కొండలా పెరిగింది. మూడోదీ ఇలాగే అయితే ఇక పనికి రావద్దన్నాడు షాపు యజమాని. ఇది ఆ మూడోది. వేడినీళ్లతో మంచు కరిగించి, తల లోపలికి దూర్చి, తానే కట్టుకున్న కూత పెట్టె తీగలను హీటరు కొసలకు ఆనించాడు. హీటరు బాగుంటే పెట్టె కూయాలి. ఏమీ వినబడలేదు. కొసలు గీకి, తుడిచి, మళ్లీ ఆనించాడు. ఊహూ. "ఇదీ పోయిందమ్మా," అన్నాడు.

"అదేంటి బాబాయ్, ఇందాకట్నించీ చెవులు చిల్లులు పడేలా కూస్తుంటే!" అంది ఇల్లాలు.

ఆమె మాటలు వినిపిస్తున్నాయి గానీ, ఆ సన్నని కూత అతని చెవికి చేరడం లేదు. అంటే ఆ రెండిళ్లలోనూ బంగారంలాంటి హీటర్లను పీకేశాడన్నమాట. తీగలను పక్కనే, హీటరుకు కరెంటు పంపే ఫ్యూజు మీదికి జరిపి, తల బయటికి తీయకుండానే అడిగాడు. "ఈసారి కూస్తే నా భుజం తట్టు తల్లీ."

ఎంతసేపు ఆనించినా చెయ్యి పడలేదు. పోయింది ఫ్యూజే. అయినా అతను తల బయటికి తీయలేదు.