టాక్స్ అయిపోతే వస్తాడు

ఆవిడ నాతో మొదటిసారి మాట్లాడింది స్కూల్ బస్సు ఆగే చోట. బాతెల్‌లో మా అపార్ట్‌మెంట్ల ముందు పొద్దున్నే పిల్లల్ని బస్సెక్కించే తల్లుల్లో సగం మంది తెలుగువాళ్ళమే. పక్క బిల్డింగ్‌లోకి కొత్తగా దిగిన ఆవిడని కొరియా మనిషి అనుకుని, ఆవిడ ముందే ఆవిడ జాకెట్ గురించి మాట్లాడుకుంటున్నాం. రంగు బాగుందట, మనకి నప్పదట. బస్సు వెళ్ళిపోయాక ఆవిడ నావైపు తిరిగి, "సేల్‌లో కొన్న అక్కా, ఇంకా ఉన్నయ్" అంది. మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటూ తలోదారి పట్టారు. నాకు మాత్రం పోవడానికి దారి లేదు, ఇద్దరం ఒకే వైపు నడవాలి.

ఆవిడది నాగాలాండ్. దిమాపూర్ నుంచి కొండ మీదకి కొన్ని గంటలు పోతే వాళ్ళ ఊరు. నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో కొన్నేళ్ళు చేసి, అక్కడినుంచి ఇక్కడికొచ్చింది. ఆ తెలుగంతా వార్డులో పేషెంట్ల దగ్గర నేర్చుకున్నదే. అందుకే ఎవరితో మాట్లాడినా మందు మింగమని బతిమాలుతున్నట్టే ఉండేది. మాది గుంటూరు వైపు. ఆవిడ 'జర' అన్నప్పుడల్లా మా ఆయన నవ్వేవాడు, ఒక తెలుగు రాని మనిషి తెలంగాణ మాట మాట్లాడడం అతనికి భలే తమాషా. తెలుగు రాని మనిషేమిటి, మన పిల్లలకంటే నయం అని నేను కసిరేదాన్ని.

మా ఇద్దర్నీ కలిపింది ఎండుచేపలు. నేను వండిన రోజున లీజింగ్ ఆఫీస్ నుంచి వాసన గురించి ఈమెయిల్ వచ్చేది. ఆవిడ వండిన రోజునా వచ్చేది. ఆవిడ వాటిలో పులియబెట్టిన సోయా గింజలు కూడా వేస్తుంది, దాని ముందు నా వంట దేవుడి ప్రసాదం. నాకు ఆ ఈమెయిళ్ళు చూస్తే ఒళ్ళు మండిపోయేది. ఆవిడ చల్లగా ఉపాయం చెప్పింది, ఇద్దరం ఒకే రోజు వండుకుంటే తిట్లు ఒకసారే పడతాయని. అప్పటినుంచి శనివారాలు మా కిటికీలూ వాళ్ళ కిటికీలూ కలిసే తెరుచుకునేవి.

ఆ చలికాలం మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. ఆవిడకి ఎవరు కనిపించినా తల్లీ తండ్రీ ఆరా తీయందే తోచదు. మా పక్కింటావిడ తల్లి పోయిందని విన్నాక, నాన్నగారు ఎక్కడుంటారమ్మా అని అడిగారు. "ఇంట్ల ఉండడు అమ్మా. టాక్స్ అయిపోతే వస్తడు" అంది తను. మా అత్తగారు నావైపు చూశారు, నేను ఆవిడవైపు చూశాను. గవర్నమెంటుకి ఎంత బాకీ పడ్డాడో, పాపం ఎక్కడ తలదాచుకున్నాడో అని రాత్రి భోజనాల దగ్గర అత్తగారు ఒకటే బాధ. వడ్డీ మీద వడ్డీ వేస్తారమ్మా, వాళ్ళు వదలరు అని తేల్చారు.

ఇక్కడ కూడా టాక్స్ ఫైలింగ్ రోజులే అవి. ఒకరోజు నేను ఉండబట్టలేక, పాత బకాయిలకి వన్ టైమ్ సెటిల్‌మెంట్ లాంటిదేదో ఉంటుంది, మీ నాన్నగారిని గవర్నమెంటుతో కూర్చుని మాట్లాడుకోమనమ్మా అన్నాను.

"అదే గదక్కా" అంది. "నేను చిన్నగున్నప్పటి సంది మాట్లాడుతనే ఉన్నరు. సెటిల్‌మెంట్ అయితలేదు."

ఎవరు మాట్లాడుతున్నారు, ఆడిటరా అని అడిగాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, అర్థమయ్యాక సోఫా మీద పడి నవ్వింది. టాక్స్ అంటే పన్ను కాదు, చర్చలు. ఢిల్లీకీ, ప్రత్యేక దేశం కావాలని అడవిపట్టిన వాళ్ళ నాగా దళానికీ మధ్య జరుగుతున్న చర్చలు. కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి, పన్ను కూడా ఉంది, అది వేరే కథ అంది.

వాళ్ళ నాన్న కాలేజీ రోజుల్లోనే అడవిలోకి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఊరి చర్చిలో, ఊరందరి ముందు, ఇంకొందరు కుర్రాళ్ళతో కలిసి ప్రమాణం చేశాడు. నాగాల సంగతి తేలేదాకా ఊళ్ళోకి రానని. ఆ కుర్రాళ్ళలో కొందరు సరిహద్దు అవతల చచ్చిపోయారు, కొందరు విసిగిపోయి ఇళ్ళు చేరారు. ఈయన మాత్రం మాట మీద నిలబడ్డాడు. పెళ్ళి కూడా అడవిలోనే చేసుకున్నాడు, పిల్లలు పుట్టేవేళకి భార్య ఊళ్ళో ఇంటికొచ్చి ఉండిపోయింది. కాల్పుల విరమణ వచ్చింది, దళాన్ని దిమాపూర్ దగ్గర ఒక క్యాంపులో పెట్టారు, చర్చలు మొదలయ్యాయి. తుపాకీ పక్కనపెట్టి ఎవరైనా ఇంటికి వెళ్ళి రావచ్చు. ఈయన వెళ్ళలేదు. పెళ్ళాం, పిల్లలే క్యాంపుకి వెళ్ళి చూసొచ్చేవాళ్ళు. భార్య చచ్చిపోతే సమాధి దగ్గరికి కూడా రాలేదు. నాకు ఆ ముసలాయన మీద పీకలదాకా కోపం వచ్చేది. ఆయన్ని ఏమైనా అంటే ఆవిడ ఊరుకునేది కాదు. క్యాంపులో పప్పూ అన్నం తిని, రేకుల కింద పడుకున్న మనిషి అక్కా, బంగళా కట్టుకున్నోడు కాదు అనేది.

ఇక ఆ పన్ను కథ. ఆవిడ తమ్ముడికి దిమాపూర్‌లో సిమెంటు, ఇనుము కొట్టు ఉంది. నెలనెలా వాళ్ళ నాన్న దళం నుంచి మనుషులొస్తారు, పన్ను అని అడుగుతారు, రసీదు కూడా ఇస్తారు. ఆ దళంలోంచి చీలిపోయినవాళ్ళు ఇంకోసారి వస్తారు. వాళ్ళలోంచి మళ్ళీ చీలినవాళ్ళు మరోసారి. అందరూ మేమే గవర్నమెంట్ అంటారు. నాన్న మనుషులు మాత్రం, పెద్దాయన కొడుకువి కాబట్టి నీకు తగ్గించాం అని చెప్పి మరీ తీసుకుంటారట. తమ్ముడు ఒకసారి క్యాంపుకి వెళ్ళి తండ్రిని నిలదీశాడు. పన్ను లేకుండా గవర్నమెంట్ ఎలా నడుస్తుందిరా అని ఆయన ఓపిగ్గా చెప్పాడట, బడిపిల్లాడికి చెప్పినట్టు. తమ్ముడు తరవాత చాలాకాలం ఆ క్యాంపు గడప తొక్కలేదు.

నేను ఇండియా వార్తల్లో ఆ చర్చల గురించి వెతకడం అలవాటు చేసుకున్నాను. దొరికేది తక్కువ, దొరికినదంతా ఒకేలా ఉండేది. పురోగతి ఉందట, సుహృద్భావ వాతావరణమట, త్వరలోనేనట. ఎప్పుడో ఒక ఒప్పందం మీద సంతకాలు కూడా అయ్యాయి, అందులో ఏముందో ఇరువైపులా చెరోరకంగా చెబుతారు. చివరికి ఎప్పుడూ ప్రత్యేక జెండా, ప్రత్యేక రాజ్యాంగం దగ్గరికొచ్చి బండి ఆగిపోతుంది. నా గ్రీన్ కార్డ్ ఎప్పుడొస్తుందని ఆవిడ అడిగేది, మీ టాక్స్ ఎప్పుడవుతాయని నేను అడిగేదాన్ని. అదొక వేళాకోళం మా ఇద్దరికీ. కానీ నాది రాకపోతే నేను ఇంకో ఊళ్ళో బతుకుతాను, అంతే. ఆవిడ వాళ్ళ నాన్న తమ ఇంట్లో అన్నం తినగా ఒక్కసారి చూడాలనుకుంది. పుట్టినప్పటినుంచి చూడలేదు.

కిందటి ఏడాది ఆయనకి ఊపిరితిత్తులు పాడయ్యాయని తెలిసింది. ఆవిడ నర్సు, తమ్ముడు పంపిన రిపోర్టులు చూసి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థం చేసుకుంది. సెలవు దొరికితే వీసా స్టాంపింగ్ భయం, వెళ్తే తిరిగి రానిస్తారో లేదో తెలీదు. అప్పటినుంచి రోజూ ఫోన్లో ఆయన్ని బతిమాలింది. ఒక్కసారి ఇంటికి వెళ్ళమని. నేను వీడియోలో చూస్తాను, తరవాత నీ ఇష్టం అని. చర్చలు నీ ప్రాణం ఉండగా అవ్వవు నాన్నా అని కూడా అనేసిందట. ఆ మాట అన్నందుకు నా దగ్గరికొచ్చి ఏడ్చింది. అనాల్సిన మాటే కదా అని నేను టీ పెట్టాను.

ఆయన చాలారోజులు మాట మార్చాడు. ఒకరోజు, సరే అన్నాడు.

ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మాకింకా ఎండ పోలేదు, అక్కడ మర్నాటి ఉదయం. తమ్ముడు తెల్లవారకముందే క్యాంపుకి కారు తీసుకెళ్ళి, వెనక సీట్లో దిండ్లు వేసి ఆయన్ని ఎక్కించుకున్నాడు. ఊళ్ళో ఇంట్లో గదికి ముందే సున్నం వేయించాడు, పొయ్యి రాజేయించాడు. ఆవిడ ఫోన్‌ని డైనింగ్ టేబుల్ మీద పుస్తకాలకి ఆనించి, జుట్టు దువ్వుకుని కూర్చుంది. తమ్ముడు కారు అద్దం దగ్గర నిలబెట్టిన ఫోన్‌లోంచి వీడియో వస్తోంది. కారు ఊళ్ళోకి మలుపు తిరుగుతుంటే దారి పక్కన కట్టెలు మోసుకెళ్తున్న మనుషులు ఆగి, లోపలికి తొంగిచూసి, కట్టెలు కింద పడేసి పరుగెత్తారు. కాసేపట్లో పైనుంచి చర్చి గంట మోగడం మొదలైంది.

ఆవిడ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "నాయిన వచ్చిండని కొడుతున్నరక్కా" అంది. నాకూ ఆగలేదు. ఇంతకాలం తిట్టుకున్న మనిషి, కారులోంచి కర్ర పట్టుకుని దిగుతుంటే చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

ఇంటి ముందు నిమిషాల్లో జనం చేరారు. పొలాల నుంచి పైకొస్తున్నవాళ్ళు, నవ్వుతున్నవాళ్ళు, ఏడుస్తున్నవాళ్ళు. ఒక ముసలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఏదో అడిగింది. మళ్ళీ అదే అడిగింది. నా పక్కన ఈవిడ ఏడుపు ఆగిపోయింది. ఏమంటోంది అని అడిగాను.

"అయిపోయిందా అని అడుగుతున్నది. ఫైసలా అయిపోయిందా అని." తనే మళ్ళీ చెప్పింది, "ఆమె కొడుకులు ఇద్దరు ఇందులోనే పోయిన్రు."

అప్పుడు తెలిసింది ఆ గంట దేనికో. ఆయన ఊళ్ళో అడుగుపెట్టాడంటే సంగతి తేలిపోయినట్టే. ఆ ప్రమాణం ఊరందరికీ గుర్తుంది. ఆవిడకే తట్టలేదు, ఆవిడకి ఆయన తండ్రి మాత్రమే.

ఆయన ముసలమ్మ వైపు వంగాడు. తరవాత తల అడ్డంగా ఊపి, మెల్లగా రెండు ముక్కలు అన్నాడు. లేదు, బిడ్డ రమ్మంది, వచ్చాను అని. ముసలమ్మ ఆయన చేతులు వదిలేసింది. ఎవరూ ఒక్క మాట తూలలేదు. తిట్టినా బాగుండేది. వెనకనుంచి ఒక్కొక్కరే దిగిపోవడం మొదలుపెట్టారు.

తమ్ముడు ఆయన్ని మోచేయి పట్టుకుని ఇంటివైపు నడిపించబోయాడు. ఆయన మెట్టు దగ్గర ఆగి, ఫోన్ ఇమ్మన్నాడు. తెర మీద మొహం ఒక్కటే కనిపించింది, ఆయాసపడుతోంది. చెప్పింది ఒక్క ముక్క. ఫోన్ మళ్ళీ కొడుక్కి ఇచ్చి, కర్ర ఆనించుకుంటూ కారువైపు తిరిగాడు.

నేను అడిగేలోపు ఆవిడే చెప్పింది, తెరమీంచి చూపు తిప్పకుండా.

"చూసినవ్ గద బిడ్డా, ఇగ పోత అన్నడు."

కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. గంట ఇంకా మోగుతూనే ఉంది. కొట్టేవాళ్ళకి ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి కదా.